గొలుసు చివర

భార్య పోయిన ఏడాదికి, చూసిరమ్మని కోడలు పెట్టే పోరు పడలేక, ముసలాయన నగరపు బీచ్ చూడటానికి వచ్చాడు. వట్టి సంత అనుకున్నాడు. బుడగలవాడూ టీకొట్టామే జాగా కోసం పొద్దస్తమానం జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశారు.

చీకటిపడి జనం వెళ్ళిపోయాక గట్టుమీద ఒక చెప్పుల జత మిగిలింది. చిన్నపిల్లవి. కొట్లు కట్టేస్తున్నవాళ్ళందరూ ఆగిపోయారు. ఇక్కడ చెప్పులు మిగిలితే మనిషి నీళ్ళలో ఉన్నట్టే లెక్క, వెతక్కుండా ఎవరూ ఇంటికి వెళ్ళరట.

"ఏం తాతా, చూస్తూ నిలబడతావా? చెయ్యి కలుపు," అంది టీకొట్టామె.

"ఎవరి పిల్లో, మీకెందుకమ్మా?"

"ఎవరి పిల్లో తెలిస్తే వాళ్ళే వెతుక్కుందురు. తెలీదు కాబట్టే మనం."

పగలంతా తిట్టుకున్నవాళ్ళే చేతులు పట్టుకుని, ఒడ్డు నుంచి నడుంలోతు దాకా గొలుసు కట్టారు. పొడగరి కాబట్టి ముసలాయన లోతువైపు చివర నిలబడ్డాడు. మనుషులంటే వీళ్ళు అనుకున్నాడు. అతను ఒకరిని మెచ్చుకుని ఎన్నాళ్ళయిందో.

కాళ్ళతో ఇసుక తడుముకుంటూ తీరం పొడవునా నడిచారు. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఎవరూ లేరు! మరిచిపోయి వెళ్ళుంటారు, వచ్చెయ్యండి!" ఒడ్డు నుంచి బుడగలవాడు కేకేశాడు.

పక్కనే ఉన్న టీకొట్టామె ముసలాయన ఎడమచెయ్యి లాగింది. "పద తాతా."

అతను కదల్లేదు. కుడివైపు సముద్రం తప్ప ఇంకేమీ లేదు. అయినా ఆ కుడిచేతిని ఎవరో పట్టుకున్నారు. చిన్న చెయ్యి, చల్లగా ఉంది. లాగడం లేదు. వదలడమూ లేదు. తిరిగి చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

"ఏమైంది తాతా?"

"గట్టిగా పట్టుకోమ్మా," అన్నాడు. "ఇంకొకరున్నారు."