పడవలోంచి పొద్దు

నేను అక్షరాలు నేర్చుకున్నది ముసలితనంలో. ఒత్తులు తప్పుతాయి. ఒక్క పేజీకి రెండు రోజులు పడుతుంది. చదివేవాళ్ళు దిద్దుకుని, ఓర్చుకుని చదవాలి. ఇది ఎనభై మూడులో, దసరా వెళ్ళిన వారం జరిగిన సంగతి.

"మౌసీ, మెట్టుంది. ఆరామ్ సే," అంది ఛాయ.

దాలమ్మ కాలు గాల్లో తడిమి బల్ల మీద పెట్టింది. బల్ల ఊగింది.

"ఇదేటి, కదిలిపోతంది?"

"పడవ కదలదా మరి? రెండు పడవలు కలిపి కట్టి, పైన బల్లలు పరిచారు. ఇదిగో నీ కుర్చీ."

దాలమ్మ కూలబడింది. ఛాయ వాళ్ళింట్లో ఆమె రెండేళ్ళుగా వంటమనిషి; ఆ పిల్లకి మౌసీ, అంటే పిన్ని. ఛాయ తండ్రి అనంతకృష్ణ ఇనుము ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆయన క్లబ్బు వాళ్ళు ఏటా వానలు వెలిశాక సువర్ణరేఖ ఏట్లో సాయంత్రం పడవ పార్టీ పెడతారు. రెండేళ్ళూ దాలమ్మ ఒడ్డునే ఉండి బజ్జీలు వేసింది.

ఈ ఏడు పడవ ఎక్కడానికి కారణం సోమవారం. సోమవారం ఆమెకు కంటి ఆపరేషను. కుడికన్ను కిందటేడు కోయించుకున్నాక పూర్తిగా పోయింది. ఎడమకంటికి వెలుగూ చీకటీ, రంగుల మరకలూ తెలుస్తాయి, అంతే. ఇదీ కోస్తే చూపు వస్తుందో, ఉన్నది కూడా పోతుందో చెప్పలేనన్నాడు డాక్టరు.

"ఈలోపల ఏమైనా చూడాలనుందా దాలమ్మా?" అని అడిగింది ఛాయ తల్లి కుసుమకుమారి.

"పడవలోంచి పొద్దు గుంకడం సూడాలమ్మా. అందరూ సప్పట్లు కొడతారు గదా. నా మొకం ఎప్పుడూ మూకుడుకేసే ఉండీది."

వంటమనిషికి కుర్చీ ఏమిటని క్లబ్బులో ఎవరో నవ్వారు. కుసుమకుమారి తన కుర్చీ ఆమెకిచ్చేసింది. ఇప్పుడు పక్కనే నిలబడి ఉంది. ఉండుండి కాలు మార్చుకుంటోంది.

"సునో మౌసీ," అంది ఛాయ. "ముందు షర్బత్ ఇస్తారు. తరవాత టేప్ రికార్డర్‌లో పాటలు. నడి ఏట్లో పడవ ఆపేస్తారు. అయిదుంబావుకి సూర్యుడు నీళ్ళకి తగులుతాడు. అప్పుడు చప్పట్లు."

"ఆ తరవాత?"

"బజ్జీలు. బిష్టుపూర్ హోటల్‌వి."

"ఆళ్ళకి నూని కాగనియ్యడం రాదు."

కుసుమకుమారి నవ్వింది. "మీ ఆయనుంటే ఇవాళ సంతోషించేవాడు కదూ?"

"ఆయనకి పొద్దు ఎప్పుడు గుంకిందో తెల్దమ్మా. ఎప్పుడూ ఇంజను మీదే."

"హౌరా బండ్లేనా?"

"ఏ బండయితే ఏటమ్మా. ఇంటికొచ్చీసరికి ఒళ్ళంతా మసే."

షర్బత్ అయిపోయింది. పాటలు ఒక వైపు అయిపోయి, క్యాసెట్ తిప్పారు. దోమలు మొదలయ్యాయి. ఎవరో ఆవులించారు. చప్పట్లు మాత్రం రాలేదు.

"అయిదుంబావు అయిందా అమ్మా?"

"ఇంకా లేదు మౌసీ," అంది ఛాయ. అప్పటికి మూడుసార్లు అలాగే అంది.

అనంతకృష్ణ భార్యను పడవ చివరికి పిలిచి మెల్లగా అన్నాడు. "మబ్బు కమ్మేసింది. సూర్యుడు ఎప్పుడో దిగిపోయాడు."

"ఆవిడకేం చెప్పను? సోమవారం తరవాత ఇంకేం చూస్తుందో ఏమో."

"ఆగు. ఆరింటికి గుట్ట మీద స్లాగు పోస్తారు కదా. పడవ అటు తిప్పిస్తాను."

కరిగిన ఇనుము మీద తేలే తెట్టును ఇంజను లాగే బండిలో తెచ్చి గుట్ట మీంచి ఒంపితే, నిప్పు ఏరులా జారుతుంది. ఆకాశం సగం ఎర్రబడుతుంది. ఆ ఊళ్ళో అది రోజూ చూసేదే, ఎవరూ తలెత్తరు.

"మోసం కాదూ?"

"మోసమే. ఆవిడకి తెలిసేది రంగొక్కటే. ఆ రంగేదో చూడనీ."

అన్నీ గుసగుసలే. కాని నీటి మీద గుసగుస కూడా దూరం పాకుతుంది.

"ఉధర్ సూరజ్ కహాఁ, సాబ్?" సూర్యుడు అటెక్కడ అని అడిగాడు పడవ నడిపే బలరామ్.

"నువ్వు తిప్పవయ్యా!"

తెడ్లు చప్పుడు చేశాయి. పడవ నెమ్మదిగా తిరిగింది. దూరంగా గుట్ట వైపు ఇంజను రెండు పొట్టి కూతలు వేసి, ఒక పొడుగు కూత వేసింది. దాలమ్మ గ్లాసు కింద పెట్టింది. చీర కొంగు భుజాల నిండా కప్పుకుంది.

ఎరుపు లేచింది.

"అదిగో మౌసీ! సూరజ్!" అంది ఛాయ.

ముందు ఒక్కరే చప్పట్లు కొట్టారు. అది కుసుమకుమారి. తరవాత పడవంతా కొట్టింది. దాలమ్మ కుర్చీ పట్టుకుని లేచింది. రెండు చేతులూ జోడించింది. ఎరుపు నల్లబడేదాకా అలాగే నిలబడింది.

"కనబడిందా దాలమ్మా?"

"కనబడిందమ్మా. నిండుగా కనబడింది. ఇంక సోమారం ఏటయినా పరవాలేదు."

ఒడ్డుకు వస్తుంటే ఛాయ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల చెయ్యి చల్లగా ఉంది.

"మౌసీ, నీకొకటి చెప్పాలి."

"బజ్జీలు సల్లారిపోతాయి. తినీసి సెప్పు."

తిన్నాక ఛాయ చెప్పలేదు. దాలమ్మ అడగలేదు.

మెట్టు దిగుతుంటే వెనక అనంతకృష్ణ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "పాపం, ఏమీ పోల్చుకోలేదు," అన్నాడు భార్యతో.

నా పేరు దాలమ్మ, వయసు అరవై ఆరు, ఇప్పుడు ఉండేది ఆదిత్యపూర్; మా ఆయన ముప్ఫై ఏళ్ళు నడిపింది ఆ స్లాగు బండినే.