రెండో బ్రేకు

నాన్న కాలు రెండో బ్రేకు మీదే ఉంది.

అది డ్రైవింగ్ స్కూలు కారు. నేర్చుకునేవాళ్ళకొక బ్రేకు, పక్కన కూర్చుని నేర్పే నాన్నకొక బ్రేకు. కూతురు నడపడం మొదలుపెట్టి ఏడాది దాటినా ఆయన కాలు అక్కణ్ణుంచి కదల్లేదు.

బయటివాళ్ళతో అలా కాదు. చేయి తిరిగిందనిపించిన రోజున చెప్పులు విడిచి, కాళ్ళు సీటు మీదకు మడుచుకుని దర్జాగా కూర్చుంటాడు. అదే ఆయనిచ్చే సర్టిఫికెట్టు.

ఆమె మార్కులు మంచివే. చాటింపు వేయించుకునేంతవి మాత్రం కావు. ఆ మార్కులకే ఎక్కడో దూరాన ఒక చిన్న కాలేజీలో, తను కోరుకున్న నీటి వనరుల కోర్సులో సీటొచ్చింది. సాయంత్రం ఐదులోగా ఒప్పుకోకపోతే అది ఇంకొకరికి పోతుంది.

నాన్న మనసంతా ఇంటి దగ్గరున్న పెద్ద కాలేజీ మీద.

"వదిలెయ్యి. రెండో విడతలో పెద్దదాంట్లో వస్తుంది."

"రాకపోతే?"

"వస్తుందంటున్నానా!"

"పోయినేడాది ఈ మార్కులకి అక్కడ ఒక్కరికీ రాలేదు. రెంటికీ చెడ్డ రేవడినవుతాను నాన్నా."

ముందు వెళ్తున్న లారీ ఆగింది. ఆమె పాదం కదిలేలోపే కారు కుదుపుతో నిలిచిపోయింది.

"నేను చూశాను."

"చూశావో లేదోనని..."

ఆమెకు ఒళ్ళు మండింది. లారీ కదలగానే కారు రోడ్డు పక్కకు తీసి ఆపేసింది. ఫోను తీసి, సీటు కావాలన్న చోట నొక్కింది.

నాన్న జేబులో ఫోను టింగుమంది.

ఓటీపీ ఆయనకే వస్తుంది. దరఖాస్తు చేసిన రోజు పట్టుబట్టి తన నంబరే ఇప్పించాడు మరి.

ఆయన జేబులో చెయ్యి పెట్టలేదు.

"నాన్నా, నంబరు."

ఆయన పక్క అద్దం తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

"ఐదవుతోంది నాన్నా!"

"ఆ ఊళ్ళో మనకెవరున్నారే?"

పెద్ద కాలేజీ గొప్పదనమంతా ఆ ఒక్క ముక్కతో తేలిపోయింది. ఆమె కోపం చప్పున చల్లారింది. ఆయన మాటలో ఉన్నది భయం. అదే భయం తనకూ ఉంది.

"ఎవరూ లేరు. వెళ్తే నేనుంటాను."

ఆయన రోడ్డుకేసి చూస్తూ ఉండిపోయాడు.

చివరికి ఫోను తీశాడు. చేయి చాచి దూరంగా పట్టుకుని, గొంతు సవరించుకుని, ఒక్కొక్క అంకే చదివాడు.

సీటు ఖాయమైంది.

ఆమె వెనక ఎవరూ రావడం లేదని చూసుకుని, కారును మళ్ళీ రోడ్డెక్కించింది.

మలుపు దగ్గర, అలవాటుగా నాన్న కాలికేసి చూసింది.

రెండో బ్రేకు ముందు చెప్పులు మాత్రమే ఉన్నాయి.