మ్యూజియం బొమ్మ కార్డు

హోసూరు మోడరన్ ఆర్ట్ మ్యూజియం తెరిచిన నాటినుంచీ ఈగలు తోలుకుంటోంది. ఊరు ఇలాగే పట్టించుకోకపోతే మూసేస్తామని పైనుంచి హెచ్చరిక వచ్చింది. సరిగ్గా ఆ నెలలోనే, ఆ వంకర భవనం ఫొటో వేసిన కార్డులు గేటు దగ్గర కట్టలు కట్టలుగా అమ్ముడుపోసాగాయి. కొన్నవాళ్లెవరూ లోపలికి మాత్రం రాలేదు.

డైరెక్టర్ భరణి పొంగిపోయాడు. “ఊరికి కళ్లు తెరుచుకున్నాయి” అని పైకి రాసేశాడు. ఆ కళాభిమానుల్లో ఒక్కరినైనా చూడాలనిపించి, అందరికంటే ఎక్కువ కార్డులు కొన్న పూలరైతు ఆంజప్పను వెతుక్కుంటూ మత్తిగిరి వెళ్లాడు.

ఆంజప్ప అక్కడ ఇల్లు కట్టిస్తున్నాడు. వాకిలి పైన, గుమ్మడికాయకూ ఎండుమిరపకాయలకూ నడుమ మ్యూజియం వేలాడుతోంది.

“ఇదేమిటి ఆంజప్పా?”

“దిష్టికి కట్టినాను సార్. మునుపు నాలుక చాపిన రాచ్చసుడి బొమ్మ కట్టేవాళ్లం. అది జనానికి అలవాటైపోయింది, ఎవురూ తిరిగి సూడరు. మీ బిల్డింగు అట్లా కాదు. దావన పొయ్యేవాడు నిలబడిపోయి, ‘ఇదేందిరా సామీ!’ అంటాడు. ఇంక ఇంటిని సూడనే సూడడు. ఈ వీదిలో అందరికీ నేనే తెచ్చిచ్చినాను.”

భరణి వీధి వైపు చూశాడు. కట్టుబడిలో ఉన్న ప్రతి ఇంటికీ మ్యూజియమే.

“మీకేం సార్,” అన్నాడు ఆంజప్ప ఆప్యాయంగా. “ఊరంతా మిమ్మల్నే నమ్ముకోనుండాది.”

భరణి ఆఫీసుకు తిరిగొచ్చి, ప్రెస్సుకు ఫోన్ చేశాడు. ఇంకో పదివేల కార్డులు వేయమన్నాడు. ఈసారి కాస్త పెద్దవిగా, పైన దారానికి చిల్లు పెట్టి.