దొంగ కాటా

“ఈ కాటా దొంగది!”

ఇన్‌స్పెక్టరు గారు కాటా మీద నుంచి దిగకుండానే అరిచారు. వార్డంతా తలతిప్పి చూసింది. తూనికలు, కొలతల శాఖలో ముప్పై ఏళ్ళపాటు వ్యాపారులకు ముచ్చెమటలు పట్టించిన గొంతు అది. మనిషి సగమైపోయాడు గానీ గొంతు మాత్రం తగ్గలేదు.

నర్సు వంగి ముల్లు చూసింది. “నలభై ఆరు. పోయిన సోమవారమూ నలభై ఆరే. కాటా ఏం చేస్తుంది తాతగారూ? ఉన్నదే చెప్పింది.”

“ఉన్నది చెప్పలేదు. అదే నా గొడవ!”

ఆయన పొట్ట ఆపరేషను కుట్లకి ఇప్పటికే రెండుసార్లు చీము పట్టింది. మూడోసారి ఇన్‌ఫెక్షను వస్తే ఈ ఒళ్ళు తట్టుకోలేదని డాక్టరు వరండాలో ఆయన భార్యకు చెప్పాడు. నలభై ఎనిమిది కిలోలు తూగితే ఇంటికి పంపిస్తానని ఆయనకు చెప్పాడు. ఆమెకు ఆ రోజు నుంచి కంటిమీద కునుకు లేదు. ఆయనకు నలభై ఎనిమిది తప్ప ఇంకేమీ బుర్రకెక్కలేదు.

“రోజూ రెండు గుడ్లు, రెండు పూటలా పాలు పంపిస్తున్నాం. తింటున్నారా అసలు?” అంది నర్సు.

“పళ్ళెం ఖాళీగా వెళ్తోందా, లేదా?”

“వెళ్తోంది.”

“మరింకేం!”

పక్క మంచం మీది లారీ డ్రైవరు మీసం తుడుచుకుని గోడవైపు తిరిగాడు. ఈ వార్డుకి వచ్చిన రోజున అతని బుగ్గలు లోపలికి పోయి ఉండేవి. ఇప్పుడు నిగనిగలాడుతున్నాయి.

నర్సుకి అనుమానం రానే వచ్చింది. “తాతగారూ, ఈ వయసుకి నాలుగు మెతుకులు చాలనుకుంటున్నారేమో. వయసు మీదపడ్డాకే గుడ్డూ పాలూ ఎక్కువ కావాలి. ఒంట్లో సత్తువ లేకపోతే నా ఇంజెక్షన్లు మాత్రమే క్రిములతో ఎంతసేపని కొట్లాడతాయి?”

“మాట మార్చకమ్మాయ్. ముందు కాటా సంగతి తేల్చు.”

“రోజుకి నలభై మందిని తూస్తాను దీనిమీద. ఇంతవరకూ ఒక్కళ్ళూ వేలెత్తి చూపలేదు. దొంగదని మీకెలా తెలుసు?”

ఆయన కప్పుకున్న శాలువాని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. కుర్చీలో కూర్చున్న భార్య గబుక్కున లేచి వచ్చి శాలువా అంచు పట్టి లాగింది. “ఏమండీ, ఊరుకోండి. దిగండి. మీకు దండం పెడతాను.”

“ఊరుకోవడమా? తప్పుడు కాటాని చూసి ఊరుకున్నానా ఎప్పుడైనా?”

“సరే, మళ్ళీ తూద్దాం. ఆ శాలువా తీసేయండి,” అంది నర్సు.

“చలేస్తోంది.”

“అందరూ ఉక్కపోతకి అట్టముక్కలతో విసురుకుంటుంటే మీకు చలేమిటి?”

నిజంగానే ఆయనకు చలేస్తోంది. పొద్దున్నించీ వణుకు. శాలువా కప్పుకోవడానికి మంచి సాకు దొరికిందని లోపల సంబరపడ్డారు కూడా. ఇప్పుడు నర్సు చెయ్యి శాలువా మీదికి వస్తోంది. భార్య కళ్ళు గట్టిగా మూసుకుంది.

“ఆగు,” అన్నారాయన. “నేనే తీస్తాను.”

శాలువా కింద స్వెట్టరు, దానికి రెండు జేబులు. రెండింట్లోంచి రెండు ఇత్తడి తూకపు రాళ్ళు తీసి మందుల బల్లమీద ఠంగున పెట్టారు. ఒక్కోటీ కిలో. పదవీ విరమణ నాడు ఆఫీసువాళ్ళిచ్చిన కానుక అవి. నిన్న భార్య చేత ఇంటినుంచి తెప్పించుకున్నారు.

నర్సు ముఖం ఎర్రబడింది. “నన్ను మోసం చేద్దామనుకున్నారా?”

“అవును, మోసమే. రాసుకో. నెలన్నరగా మా ఆవిడ ఆ కుర్చీలోనే నిద్రపోతోంది. దాని నడుం విరిగిపోతోంది. ఇంటికి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెడదామని చేశాను.” ఆయన వేలు కాటావైపు తిరిగింది. “కానీ నీ కాటా నన్ను మించిపోయింది. రెండు కిలోలు అదనంగా మోస్తూ ఎక్కినా ముల్లు పోయినవారం ఉన్నచోటే నిలబడింది. ఇది దొంగది కాక మరేమిటి? ఇవి ప్రభుత్వ ముద్ర ఉన్న రాళ్ళు. పరీక్ష పెడతాను, ఎక్కు!”

నర్సు చెప్పులు విడిచి కాటా ఎక్కింది. ముల్లు అరవై దగ్గర ఆగింది. ఆయన ఒక రాయి ఆమె చేతికిచ్చారు. అరవై ఒకటి. రెండోది కూడా ఇచ్చారు.

అరవై రెండు. వెంట్రుకవాసి తేడా లేదు.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. రాళ్ళు తీయించి, మళ్ళీ ఇప్పించి, ఇంకోసారి చూశారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఏ కాటా మీదా అబద్ధం రాయలేదు.

“కాటా సరైనదే,” అన్నారు, నెమ్మదిగా.

పక్క మంచం మీది డ్రైవరు నమలడం ఆపేశాడు. నర్సు రాళ్ళు పక్కన పెట్టి ఆయన మణికట్టు పట్టుకుంది. ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది; పట్టుకున్న ఆమె చెయ్యి చురుక్కుమంది. గోడమీది గంట నొక్కి, డాక్టరు కోసం గుమ్మంవైపు చూసింది.

భార్య ఒక్కత్తే ఇంకా బల్లమీది రాళ్ళవంక చూస్తూ నిలబడి ఉంది.

“అయితే ఏమండీ... ఆ రెండు కిలోలూ మీలోంచే పోయాయా?”