రెండో వైపు

“నా పెండ్లాము గొంతు మీకాడ ఉండాదంట. యాడ పెట్టినారు?”

గుమ్మంలో నిలబడి శేషన్న అడిగిన మాటకు శివాని వాయిస్తున్న గిటారు ఆపేసింది. డ్రమ్ముల వెనక నుంచి ప్రవీణ్ లేచాడు. కోసిగి దగ్గరి పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కిన శేషన్న, కర్నూలు పాతబస్తీలో ఈ మేడమీది గది పట్టుకునేసరికి చెమటకు చొక్కా తడిసిపోయింది.

“కూసో తాతా. గొంతేంది?” అంది శివాని.

“క్యాసెట్టు పాపా. మా కోడలు ఇల్లు దులుపుతా క్యాసెట్ల సంచి పాతసామాన్లు కొనేవానికి ఏసింది. వాన్ని పోయి పట్టుకుంటే, కర్నూల్లో పాటలు పాడే పిల్లోల్లకు ఇచ్చినా అన్యాడు. మీరే గదా?”

వాళ్ళే. బ్యాండు పేరు ‘నాపరాయి’. పాడేది పంక్ పాటలు. అంటే కొళాయిలో నీళ్ళు రాకపోయినా, బస్సు ఆగకుండా పోయినా, మనలా గొణుక్కుని ఊరుకోకుండా గిటారు పట్టుకుని గొంతు చించుకుంటారన్నమాట. ఏ కంపెనీ వీళ్ళ పాటలు వెయ్యదు, వేస్తామన్నా వీళ్ళు ఇవ్వరు. క్యాసెట్ల మీద ఎక్కించి చేతి నుంచి చేతికి పంపుతారు. కొత్త క్యాసెట్లు ఎక్కడా దొరకవు కాబట్టి పాతసామాన్ల కొట్లే గతి.

“అవ్వ పాటలు పాడిందా తాతా దాంట్లో?”

“పాటలా! నన్ను తిట్టింది.” శేషన్న ముఖం వెలిగింది. “టేపురికార్డరు కొనుక్కోని ఇంటికి పోయి, పని చేస్తాదా ల్యాదా అని బటన్ నొక్కినా. సుంకులమ్మ అందుకునింది. ‘ఎద్దులకు సొప్ప ల్యాదు, నీకు పాటల పెట్టె కావల్సొచ్చెనా’ అని. అరగంట పాపా! మధ్యలో నీళ్ళు గూడా తాగల్యా.”

తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు.

“అది పోయి మూడేండ్లాయ. ఫోటోలు శానా ఉండాయి. గొంతే, అదొక్క దాంట్లోనే ఉండాది. ఎవరూ చెరపకూడదని ఎనక ముక్కలు గూడా ఇరగ్గొట్టినా.”

ప్రవీణ్ తల దించుకున్నాడు. క్యాసెట్టు వీపున ఉండే ఆ చిన్న ముక్కలు విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు కాదు. విరిగిన చోట ప్లాస్టర్ ముక్క అంటిస్తే మాత్రం శుభ్రంగా అవుతుంది. ఆ ప్లాస్టర్ అంటించిన మహానుభావుడు ప్రవీణే.

“అన్నిటికీ అంటించినావా?” శివాని మెల్లగా అడిగింది.

“రెండు పక్కలా అంటించినా.”

“ఎక్కించినాక విన్యావా?”

“ముప్పై క్యాసెట్లు యాడ వినేదక్కా? ఇంటాయన గొడవ చేస్తాడని సౌండు తీసేసి, రాత్రంతా నిద్రమత్తులో తిప్పి తిప్పి పెడతా, బటన్ నొక్కి వదిలేసినా.”

శివానికి చెప్పలేనంత సిగ్గేసింది. తన కోపం నలుగురికీ వినిపించాలని, ఒక మనిషి కోపాన్ని తుడిచేసింది. అయినా చిన్న ఆశ. తమ పాటలు ఒక్కో వైపూ ఇరవై నిమిషాలే. టేపు చివర సుంకులమ్మ ఏమన్నా మిగిలి ఉండొచ్చు. అన్నిటి మీదా తమ బ్యాండు కాగితమే అంటించారు కాబట్టి ఏది ఎవరి దగ్గరికి పోయిందో చూసి చెప్పేందుకు లేదు.

క్యాసెట్లు తీసుకున్న వాళ్ళందరికీ ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. శేషన్న కూడా వినాలని స్పీకర్ పెట్టింది. కడప, వేంపల్లె, రాజంపేట. “మా పాటలు కాకుండా టేపులో ఇంకేమన్నా ఉండాదా?” “లేదక్కా.” ప్రతిసారీ శేషన్న ముందుకు వంగడం, మళ్ళీ వెనక్కి జరగడం. ప్రవీణ్ తెచ్చిన టీ అలాగే చల్లారిపోయింది.

ఆఖరివాడు మైదుకూరులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే ఉమామహేశ్.

“ఇంకేముంటాదక్కా? రెండు పక్కలా మీ పాటలే. రోజూ అంగట్లో అవే పెడతాండా” అని పెట్టేశాడు.

శేషన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “పోనీలే పాపా. మీరు తెలిసి చేసినారా, ఏమన్నానా. బస్సుకు టైమాయ.”

శివానికి ఏడుపొచ్చింది. అతను గడప దాటుతుండగా ఫోన్ మోగింది. మళ్ళీ ఉమామహేశే. స్పీకర్ ఇంకా తీయలేదు.

“అక్కా, ఒగటి అడగాలనుకుని మర్చిపోయినా. రెండో పక్క గిటారు గూడా లేకుండా, ‘ఎద్దులకు సొప్ప ల్యాదు’ అని ఉత్త తిట్లతోనే అరగంట పాడిందే, మా అంగడికొచ్చే వాళ్ళంతా అడుగుతాండారు, ఆమె ఇంకో క్యాసెట్టు ఎప్పుడొస్తాది?”