తూట్ల డబ్బా

"అత్తా, మంచి డబ్బాకు తూట్లు పొడుస్తున్నవేంది? నీకేమన్న పట్టిందా?"

మల్లక్క గడపలోనే నిలబడిపోయింది. లస్మవ్వ తల కూడా ఎత్తలేదు. డాల్డా డబ్బాను రెండు పాదాల మధ్య ఇరికించుకుని, మేకు మొన ఆనించి, రాయితో టక్కున ఒక దెబ్బ వేసింది. డబ్బా నిండా తడి ఇసుక కూరి ఉంది. కూరకపోతే రేకు సొట్ట పోతుంది.

"ఉప్పు డబ్బా అది. ఉప్పేడ పోసినవు?"

"కుండల పోసిన. మీ అన్న వచ్చేది ఇయ్యాల్నే గదా. పిల్ల కావాల్నా, డబ్బా కావాల్నా, నువ్వే చెప్పు."

పెళ్లయి పదేళ్లు దాటినా మల్లక్క కడుపు పండలేదు. అన్న సదయ్యకు నలుగురూ ఆడపిల్లలే. అందరికంటే చిన్నది, అయిదేళ్ల సారలమ్మను పెంచుకొమ్మని కమాన్‌పూర్ నుంచి తెచ్చి వదిలాడు. వదులుతూ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు. "వారం చూస్త. అది మంచిగున్ననంటె మీ బిడ్డ. లేదంటె నా బిడ్డ."

వారం నుంచీ పిల్లకు కంటి మీద కునుకు లేదు, మల్లక్కకూ లేదు. పగలంతా వాకిట్లో బాగానే ఆడుతుంది. పడుకొమ్మని చిన్నగదిలో చాప పరిస్తే చాలు, మొదలు. "గీ ఇంటికి మొగులు లేదు," అని ఒకటే రాగం. ఊళ్లో ఆరుబయట మంచం మీద, ఆకాశాన్ని కప్పుకుని పడుకున్న పిల్ల మరి. పోనీ ఇక్కడా బయటే పడుకోబెడదామంటే, బొగ్గుగని మీది పొగా మసీ కమ్ముకుని పైన ఒక్క చుక్క కనబడదు. వట్టి నల్ల గొంగడి.

పక్క క్వార్టర్ కుబ్రా బేగం కొంగులో ఏదో దాచుకుని వచ్చింది. ఎరుపు, నీలం, పసుపు రంగుల పల్చటి కాగితాలు. అవతల పెట్టిన వేలు ఇవతలికి కనబడుతుంది.

"పీర్ల పండుగకు తెచ్చినవి, మిగిలినయి. సాలుతయా లస్మవ్వా?"

"సాలుతయి. మీ ఆయన ఏమనలేదు గదా?"

"ఏమంటడు. ముసలామె కాగితాలే అడిగింది, నన్ను అడగలేదు, నయం అన్నడు."

"ఆయన్ని నేనేం చేసుకుంట. ఆయనకు తూట్లు పొడిస్తె వెలుగొస్తదా ఏంది?"

ముగ్గురూ నవ్వుకున్నారు. మల్లక్క నవ్వు మాత్రం సగంలోనే ఆగి, వీధి వైపు తిరిగింది.

లస్మవ్వ ఇసుక గుమ్మరించి, డబ్బాను బోర్లించి, పైకి వచ్చిన అడుగుకు పొగ పోవడానికి నాలుగు పెద్ద తూట్లు పొడిచింది. పక్కల చిల్లుల మీద అక్కడక్కడ గంజితో రంగు కాగితం ముక్కలు అంటించింది. చిన్నగదిలో ఇటుక మీద బుడ్డిదీపం వెలిగించి, దాని మీద డబ్బా మూసింది. రాత్రి డ్యూటీ వారాల్లో పగలు పడుకోవడానికి కొడుకు నర్సింగం కట్టుకున్న గోనెపట్టా కిటికీకి అలాగే ఉంది. ఆమె తలుపు దగ్గరకు వేసేసరికి మధ్యాహ్నపు ఎండంతా బయటే ఆగిపోయింది.

గోడలు కనబడకుండా పోయాయి. గది ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియలేదు. పైనా చుట్టూ చుక్కలే, తెల్లవి, ఎర్రవి, నీలివి. లోపల దీపం ఊగినప్పుడల్లా అవీ ఊపిరి పీల్చినట్టు కదులుతున్నాయి. లస్మవ్వ చీర మీద చుక్కలు, మల్లక్క నుదుటి మీద ఒక నీలి చుక్క.

మల్లక్క కొంగు పట్టుకుని లోపలికి వచ్చిన సారలమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"అవ్వా, గిది మా ఊరి మొగులేనా?"

"మీ ఊరిదే బిడ్డా. మీ చేను మీదున్నదే. నీ కోసం పట్టుకొచ్చిన."

"మరి పిల్లలకోడి ఏది?"

పిల్లలకోడి చుక్కల గుంపు సంగతే లస్మవ్వకు తోచలేదు. గోడలన్నీ వెతికింది. చూపు సరిగా ఆనక ఒకచోట మేకు పడిన చోటి పక్కనే మళ్లీ మళ్లీ పడింది కాబోలు, మూలన అయిదారు చుక్కలు గుంపుగా ఒదిగి ఉన్నాయి.

"అదిగో. పిల్లలన్నీ తల్లి రెక్క కిందికి పోయినయి చూడు."

పిల్ల చాప మీద వెల్లకిలా పడుకుంది. మల్లక్క మెల్లగా పక్కన ఒరిగింది. ఇద్దరూ గాలిలో వేలు పెట్టి చుక్కలు కలుపుకుంటూ పోయారు. కాసేపటికి చిన్న వేలు ఆగిపోయింది.

"అత్తా," అంది మల్లక్క, గొంతు పైకి రానీయకుండా. "పిల్ల నా మీద చెయ్యేసింది."

"మెదలకు. తీసేసుకుంటది."

గని సైరన్ మోగింది. పిల్ల కదలలేదు. ఎంతసేపు గడిచిందో గాని, వాకిట్లో సైకిల్ స్టాండు వేసిన చప్పుడుకు మాత్రం దిగ్గున లేచి, "నాయినా," అంటూ పరుగెత్తింది.

సదయ్య బిడ్డను ఎత్తుకుని ముఖంలోకి చూశాడు.

"కండ్లేంది గిట్ల ఉబ్బినయి?"

"నిన్నటి దాక ఏడ్చింది గని అన్నా, ఇయ్యాల..."

"నువ్వాగు మల్లక్కా. నువ్వు చెప్తె నీ మాటయితది. దాన్ని చెప్పనీ."

మల్లక్క గోడకు ఆనుకుంది. లస్మవ్వ మాత్రం నిబ్బరంగా నవ్వుతూ, చెప్పమన్నట్టు పిల్లకు తల ఊపింది.

సదయ్య బిడ్డను కిందికి దించి, ఎదురుగా గొంతుక్కూర్చుని, రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"నేనున్న, భయపడకు. ఈ ఇంట్ల అవ్వ నిన్ను ఎట్ల చూసుకుంటున్నది?"

సారలమ్మ కళ్లు నులుముకుంటూ చెప్పింది.

"పట్టపగలే నాకు చుక్కలు చూపెట్టింది నాయినా."