పెరగకూడని మొక్కలు

ఆ మొక్కల్ని ఎదగనివ్వకూడదని ఆమె తీర్మానించుకుంది.

చంపాలని కాదు. చీమను తొక్కితే చెంపలేసుకునే మనిషికి అంత ధైర్యం ఎక్కడిది? ఉన్నవి ఉన్నట్టు ఉంటే చాలు. ఎందుకంటే అవి మూరెడు ఎత్తు రాగానే హోటలు వాళ్లు పట్టుకుపోతారు. ఆ రోజుతో ఆమె పని సరి. చేర్చుకునేటప్పుడే ఓనరు ఆ ముక్క తేల్చి చెప్పాడు.

ఇలాంటి పని మళ్లీ దొరకదు. మొక్కలమ్మే దుకాణం వెనక కిటికీ లేని గది, అరల నిండా కుండీలు, వాటి మీద గొలుసులతో వేలాడే లైట్లు. నీళ్లు పోయాలి, ఆకులు తుడవాలి. అన్నిటికంటే ముఖ్యం, చంటిపిల్లను వెంట తెచ్చుకోవచ్చు. మిగతాచోట్ల పిల్లను ఎవరికైనా అప్పగించి రమ్మన్నారు. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర మాటిమాటికీ వేలు పెట్టి ఊపిరి చూసుకునే తల్లి, ఎవరికని అప్పగిస్తుంది?

అందుకే రోజూ సాయంత్రం ఇంటికి వెళ్లే ముందు లైట్ల గొలుసును కాస్త పైకి లాగి తగిలించేది. తిండి తగ్గిస్తే మనిషి ఎదగడు, వెలుతురు తగ్గిస్తే మొక్క ఎదగదు. ఈ మాత్రం దానికి పెద్ద చదువులెందుకని తన తెలివికి తనే మురిసిపోయింది.

ఒకే గదిలో పిల్లను ఎదగమనీ, మొక్కల్ని ఎదగొద్దనీ దేవుడికి మొక్కుకునేది. ఆయన తికమకపడి తారుమారు చేస్తాడేమోనని మళ్లీ భయం. అందుకని పిల్ల మీద చెయ్యి వేసి "ఎదగాల్సింది ఇది" అని గుర్తు చేసేది.

పథకం పారింది. వారాలు గడిచినా మొక్కలు జానెడు దాటలేదు.

ఇక ఆమె భయమంతా పెద్దక్క గురించే. ఆ దుకాణంలో ఏనాటినుంచో పాతుకుపోయిన సూపర్వైజరు ఆవిడ. తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి తలుపు తీస్తుంది. పిల్ల కుయ్యిమంటే చాలు, "ఇది మొక్కల గదా, బాలింతరాలి గదా?" అనేది. పిల్లవైపు తలతిప్పి చూసిన పాపాన పోలేదు. మొక్కలు ఎదగడం లేదని ఆవిడ ఎప్పుడు ఓనరు చెవిన వేస్తుందో ఏమో. పెద్దక్క నీడ కనపడగానే, పోసిన కుండీకే మళ్లీ నీళ్లు పోసి తన శ్రద్ధ చాటుకునేది.

చివరికి ఓనరే మొక్కల డాక్టర్ని పంపించాడు. పెద్దక్క అతన్ని గదిలోకి తీసుకొచ్చి తలుపు పక్కన నిలబడింది.

అతను మట్టి నలిపి చూశాడు. ఒక కుండీని బోర్లించి వేళ్లు పరీక్షించాడు. తెల్లగా, ఆరోగ్యంగా ఉన్నాయన్నాడు. ఆకులు తిరగేసి పురుగు లేదన్నాడు. ఒక్కో కారణాన్నీ అతను కొట్టేస్తుంటే ఆమెకు వల దగ్గర పడుతున్నట్టు అనిపించింది. చంకలో పిల్లను గట్టిగా అదుముకుంది. దాంతో పిల్ల ఏడుపు లంకించుకుంది. నేరం చేసిన తల్లిమీద కన్నబిడ్డే మొదటి సాక్ష్యం చెబుతున్నట్టుగా ఉంది.

అతను తలెత్తి లైట్లవైపు చూశాడు. ఎవరూ ఏమీ అడగలేదు. కానీ గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకునే రకం ఆమె.

"నేనే సార్. పైకెత్తింది నేనే," అనేసింది.

అతను నవ్వాడు. "పనితనం తెలిసినదానివే. లైటు దూరమైతే మొక్క దాన్ని అందుకోవాలని మెడ సాచి పొడుగ్గా సాగుతుంది. కానీ మరీ ఇంత సాగదీయకూడదమ్మా, కాడ నీరసపడుతుంది. తొందరగా పెంచేయాలని నీ ఆత్రం, అంతేగా?"

ఆమె ఒకసారి లైట్లవైపూ, ఒకసారి మొక్కలవైపూ చూసింది. మొక్కలూ వెలుతురూ పాఠం తొమ్మిదో తరగతిలోనే ఉంటుందని కూడా అతనన్నాడు. ఆమె బడి ఎనిమిదితో ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఒళ్లు దాచుకోకుండా తన ఉద్యోగానికి తనే గొయ్యి తవ్విందన్నమాట.

మరి మొక్కలు ఎదగలేదేం?

డాక్టరు ఒక కాడ కొస చూపించాడు. చిగురు లేదు. పక్కదానికీ లేదు, ఆ పక్కదానికీ లేదు. తల తెగినచోట పక్కలనుంచి పిలకలు వస్తున్నాయి. మొక్క లేచిన ప్రతిసారీ ఎవరో చిగురు గిల్లేశారని తేల్చాడు. గదంతా కలయజూశాడు. ఏడుపు మానేసి ఆకు అందుకోబోతున్న చంటిపిల్ల గుప్పిట దగ్గర అతని చూపు ఆగింది.

"దొంగ దొరికింది," అన్నాడు.

అక్కడినుంచే ఓనరుకు ఫోన్ చేశాడు. ఆ పిలకల్ని మళ్లీ మొదటినుంచి సాకాలనీ, చాలాకాలం పడుతుందనీ, ఇంత శ్రద్ధగల మనిషిని మాత్రం మార్చొద్దనీ చెప్పాడు. పిల్లను అరలకు కాస్త దూరంగా ఉంచితే చాలన్నాడు.

అతను వెళ్లాక ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన ఉద్యోగం నిలిచింది గానీ, పళ్లయినా రాని పిల్లమీద కేసు పడింది.

"దీన్నెప్పుడూ నేను కిందికి దించనే లేదక్కా. దీనికింకా కూర్చోవడమే రాదు. అన్ని చిగుళ్లు ఎలా గిల్లుతుంది?" అంది.

పెద్దక్క తలుపు దగ్గరగా వేసింది. ఎన్నడూ లేనిది, రెండు చేతులూ చాచి పిల్లను తీసుకుని భుజాన వేసుకుంది.

"ఇది కాదని నాకు తెలీదా? మీరిద్దరూ ఎక్కడికీ పోకూడదని పొద్దున్నే వచ్చి నేను చిగుళ్లు గిల్లుతుంటే, సాయంత్రం నువ్వు లైట్లెత్తి వాటిని మళ్లీ సాగదీసి పోతున్నావు. నా గోళ్లరిగిపోయాయే పిల్లా."